ముందు నీటికి చోటు, పిమ్మట దారి: మూసీ వరద నివారణ ప్రణాళికల్లో గట్టుదారుల చరిత్ర – ఇంద్రేశం పరిసరాల నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నది వరదను అదుపు చేసే పథకంలో భాగంగా గట్ల వెంట నడకదారులు, సైకిల్ దారులు వేయాలన్న ఆలోచన కొత్తదిగా కనిపిస్తుంది. హైదరాబాద్ మూసీ విషయంలో మాత్రం దీనికి శతాబ్దానికి మించిన చరిత్ర ఉంది. 1908 వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాల్లో ఎగువన జలాశయాలు, నగరంలో ఎత్తు పెంచిన గట్లు, వాటి మీద విహారమార్గాలు ఒకదాని తర్వాత ఒకటిగా అమరి ఉన్నాయి. ఆ అమరికలో ఒక క్రమం ఉంది: ముందు నీటికి చోటు, పిమ్మట మనిషికి దారి. ఈ క్రమం తెలంగాణ చెరువు కట్టల్లో అంతకు ముందే ఉన్నదని, ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో అది సడలిందని, నేటి సైకిల్ దారుల ప్రణాళికలను ఆ క్రమాన్నే గీటురాయిగా పెట్టి చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని ఇంద్రేశం పరిసరాలు ఈ పరిశీలనకు నిలుచున్న చోటు.

కీలకపదాలు: మూసీ, మంజీరా, ఇంద్రేశం, పటాన్‌చెరు, గొలుసుకట్టు చెరువులు, విశ్వేశ్వరయ్య, నగర పునర్నిర్మాణం, సైకిల్ దారి, వరదమైదానం.

1. ఉపోద్ఘాతం

నదుల చరిత్రను రాసినవారు ఆనకట్టల గురించి, వంతెనల గురించి విస్తారంగా రాశారు. గట్టు మీది దారికి ఆ గౌరవం దక్కలేదు. దారి అనేది పథకం చివర మిగిలిన స్థలంలో వేసే అలంకారమన్న భావన దీనికి కారణం కావచ్చు. అయితే గట్టుదారి ఎక్కడ పడుతుందన్నది నది వెడల్పు ఎంతో తేల్చే నిర్ణయం కూడా. దారికి కేటాయించిన ప్రతి మీటరూ రెండు వైపులలో ఒకవైపు నుంచి రావాలి: నగరం వదులుకున్న నేల నుంచి గాని, నది పోగొట్టుకున్న నేల నుంచి గాని. ఈ రెండింటిలో ఏది జరిగిందన్న ప్రశ్నతో చూసినప్పుడు గట్టుదారి చరిత్ర వరద చరిత్రలో విడదీయరాని భాగమవుతుంది.

మూసీ అభివృద్ధి ప్రణాళికల్లో సైకిల్ దారుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ రెండు కొసలకు చీలిపోతున్నది. ఒక కొసన ఆధునిక నగరానికి అవి ఆభరణమన్న వాదం, మరొక కొసన పేదల ఇళ్ళు కూల్చి ధనికుల విహారానికి బాట వేయడమన్న విమర్శ. రెండింటిలోనూ సత్యాంశం ఉంది. అయినా వరద పథకంగా దాని గుణదోషాలు ఏమిటన్నది ఈ చర్చలో వెనుకబడుతున్నది. దానిని ముందుకు తేవడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రెండు నదుల మధ్య ఒక ఊరు

ఇంద్రేశం మూసీ ఒడ్డున లేదు. అందువల్లనే అక్కడ నిలబడి మూసీని చూడటం ఉపయోగకరం. పటాన్‌చెరు ప్రాంతపు వర్షజలం ప్రధానంగా నక్కవాగు ద్వారా మంజీరాలో చేరుతుంది. మంజీరా గోదావరికి ఉపనది. అక్కడి నుంచి కొద్దిపాటి దూరంలో నేల వాలు మారి, నీరు మూసీ వైపు తిరుగుతుంది. వికారాబాద్ జిల్లా అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే గోదావరి, కృష్ణా పరీవాహకాలను వేరుచేసే జలవిభాజక రేఖకు చేరువలో ఈ పారిశ్రామిక ప్రాంతం ఉన్నది.

ఈ నేలకు సహజంగా పెద్ద నీటివనరు లేదు. ఉన్నది చెరువు. కల్యాణి చాళుక్యుల కాలంలో, పదకొండవ శతాబ్దిలో రాజధానిగా వెలిగిన పొట్టళకెరెను చరిత్రకారులు నేటి పటాన్‌చెరుగా గుర్తించారు. కన్నడంలో ‘కెరె’ అన్నా, తెలుగులో ‘చెరువు’ అన్నా ఒకటే. పాలకుల భాష మారినా ఊరి పేరులో చెరువు నిలిచింది.

చెరువు కట్ట నిర్మాణాన్ని గమనిస్తే మన చర్చకు కావలసిన మూలసూత్రం దొరుకుతుంది. కట్ట ముందుగా నీటిని ఆపడానికి వేసినది. దానికి ఒకవైపు తూము, మరొకవైపు అలుగు. తూము పంటకు నీరిస్తుంది; అలుగు మిగులు నీటిని కింది చెరువుకు పంపుతుంది. నీరు ఎంత వరకు నిలుస్తుందో అంత మేర భూమి శిఖం. ఇవన్నీ కుదిరిన తర్వాత కట్ట పైభాగం సహజంగానే దారి అయింది. పొలానికి పోయే రైతు, మేకల మంద, కట్ట మైసమ్మకు బోనమెత్తిన ఆడపడుచు, తర్వాతి కాలంలో పాల క్యాన్లు తగిలించుకున్న సైకిల్ ఆ దారినే నడిచాయి. ఆ రాకపోకల వల్ల కట్ట మట్టి గట్టిపడింది. ఎక్కడ బుంగ పడినా, ఎక్కడ కోత పడినా నడిచేవారి కంటబడింది. దారి కట్టకు కాపలా అయింది. నీటిని కాచే నీరటికి ఊరు మొత్తం తోడు నిలిచినట్లయింది.

గట్టుదారికి ఈ ప్రాంతపు సొంత నమూనా ఇది. ఇందులో దారి ఎప్పుడూ నీటి చోటును ఆక్రమించలేదు. నీటికి చోటు కట్టిన నిర్మాణం మీదనే వెలసింది. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ కట్ట మీద వెలసిన ట్యాంక్‌బండ్ రోడ్డు కూడా ఈ సంప్రదాయానికి చెందినదే. పదహారవ శతాబ్దిలో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన ఆ కట్టను 1946–47లో దివానుగా ఉన్న మీర్జా ఇస్మాయిల్ విశాలమైన మార్గంగా తీర్చిదిద్దించాడు. నీటి కోసం కట్టిన కట్ట దాదాపు నాలుగు శతాబ్దాల తర్వాత నగరానికి విహారస్థలమైంది.

3. 1908 వరద, 1909 నివేదిక

1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్ చరిత్రను రెండుగా చీల్చింది. ఎగువన శంషాబాద్‌లో 48 గంటల్లో దాదాపు 19 అంగుళాల వాన కురిసింది. అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ ప్రాంతాలు నీట మునిగాయి, వంతెనలు దెబ్బతిన్నాయి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. మృతుల సంఖ్యకు తరచుగా చెప్పే అంచనా సుమారు 15 వేలు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్న స్మృతి నగర ప్రజల్లో ఇంకా సజీవంగా ఉంది.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం పిలుపుపై విశ్వేశ్వరయ్య 1909లో హైదరాబాద్ వచ్చి, వరద కారణాలను పరిశీలించి, అదే సంవత్సరం అక్టోబర్‌లో నివేదిక సమర్పించాడు. ఆయన పరిశీలన నగరంతో ఆగలేదు. నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ళ పరీవాహక ప్రాంతాన్ని లెక్కలోకి తీసుకున్నాడు. అందులో 788 చెరువులు ఉన్నాయని, అంటే దాదాపు చదరపు మైలుకు ఒక చెరువు చొప్పున ఉన్నదని, వరదలో 221 చెరువులు తెగాయని ఆయన గుర్తించాడు. గొలుసుకట్టులో ఒక చెరువు తెగితే దాని నీరు కింది చెరువు మీద పడుతుంది. అది తెగితే ఆ రెండింటి నీరు మూడవదాని మీద పడుతుంది. ఆకాశం నుంచి పడిన వానకు కట్టలు తెగిన నీరు తోడై, నగరం చేరేసరికి ప్రళయమైంది.

ఈ నిర్ధారణలో ఒక ముఖ్యాంశం ఉంది. ఉపద్రవం నగరంలో కనిపించినా, దాని పుట్టుక ఊళ్ళలో ఉంది. కాబట్టి చికిత్స కూడా ఎగువనే మొదలు కావాలి. మూసీ మీద, ఈసీ మీద నగరానికి పైన రెండు జలాశయాలు కట్టి వరద ఉద్ధృతిని అక్కడే తగ్గించాలన్నది ఆయన ప్రధాన సూచన. అలా తగ్గించిన ప్రవాహం నగరంలో సాఫీగా సాగడానికి నదీమార్గాన్ని సరిచేయడం, గట్ల ఎత్తు పెంచడం రెండవది. ఎత్తు పెంచిన ఆ గట్లను విశాలమైన విహారమార్గాలుగా, ఉద్యానాలుగా మలచడం ఆ తర్వాతది. దీనికి తోడు నగరానికి మురుగునీటి వ్యవస్థను కూడా ఆయన సూచించాడు. ఈ కృషిని ఆయన 1951లో వెలువడిన ‘మెమొయిర్స్ ఆఫ్ మై వర్కింగ్ లైఫ్’ అన్న ఆత్మకథలో వివరించాడు.

గట్టు మీద దారి ఎందుకు? సౌందర్యం ఒక కారణం మాత్రమే. గట్టు ఖాళీగా ఉంటే ఇళ్ళు లేస్తాయి. ఇళ్ళు లేస్తే వరద వచ్చినప్పుడు ప్రాణాలు పోతాయి. గట్టు మరమ్మతుకు చోటు ఉండదు. ప్రజోపయోగంలో ఉన్న బాట గట్టును ఆక్రమణ నుంచి కాపాడుతుంది. చెరువు కట్ట మీద దారి చేసిన పనే నగర నది గట్టు మీద విహారమార్గం చేయవలసి ఉంది.

4. ఎగువన జలాశయాలు, నగరంలో ఉద్యానాలు

నివేదిక అమలులో కూడా క్రమం చాలావరకు నిలిచింది. 1911లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సింహాసనమెక్కాడు. 1912లో నగర పునర్నిర్మాణ మండలి ఏర్పడింది. 1913లో మూసీ మీద ఉస్మాన్ సాగర్ పని మొదలై 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. పూర్తిమట్టంలో మొదటిదాని నిల్వ సుమారు 3.9 టీఎంసీలు, రెండవదానిది సుమారు 2.97 టీఎంసీలు. ప్రవాహానికి పైన పగ్గం పడుతున్న ఆ కాలంలోనే నగరంలో గట్టుగోడలు లేచాయి. వాటి వెంట ఉద్యానాలు పరచుకున్నాయి. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, అసఫియా గ్రంథాలయం వంటి భవనాలు నదికి అభిముఖంగా నిలిచాయి.

దీనిని స్వర్ణయుగంగా చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. నది ఒడ్డున, నగరం నడుమ కిక్కిరిసిన పేటలను మండలి తొలగించింది. మల్లేపల్లి వంటి చోట్ల కొత్త ఇళ్ళు కట్టించింది. అయితే కొత్త ఇంటి అద్దె, పాత జీవనాధారానికి ఉన్న దూరం, తొలగినవారంతా అక్కడికి చేరారా అన్న ప్రశ్నలు నగర చరిత్రకారులను నేటికీ వెంటాడుతున్నాయి. గట్టు అందంగా మారిన ప్రతిసారీ అక్కడి నుంచి ఎవరో ఒకరు కదలవలసి వచ్చింది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో కూడా ఇదే జరిగింది. ఆ కాలాన్ని నేటి కాలం నుంచి వేరుచేసేది మరొకటి: ఆ ఉద్యానాల వెనుక జలాశయాల అండ ఉంది. గట్టు మీద నడిచేవాడి భద్రత ఇరవై కిలోమీటర్ల ఎగువన ఏర్పాటయింది.

5. క్రమం సడలిన కాలం

స్వాతంత్ర్యానంతరం ఈ అండ క్రమంగా బలహీనపడింది. దీనికి దారితీసిన పరిణామాల్లో ఇంద్రేశం పరిసరాలకు ప్రత్యక్ష సంబంధం ఉంది.

మొదటిది తాగునీరు. వరద కోసం పుట్టిన రెండు జలాశయాలు నగరానికి ప్రధాన తాగునీటి వనరులు కూడా అయ్యాయి. ఈ రెండు ప్రయోజనాల మధ్య సహజమైన వైరుధ్యం ఉంది. వరదను ఆపాలంటే వానాకాలంలో జలాశయంలో ఖాళీ ఉండాలి. తాగునీటికైతే అది నిండుగా ఉండాలి. నగరం పెరిగి ఈ నీరు చాలనప్పుడు 1965 నుంచి మంజీరా నీరు, తర్వాత సింగూరు నీరు సంగారెడ్డి వైపు నుంచి నగరానికి వచ్చాయి. ఆపైన కృష్ణా, గోదావరి జలాలు వచ్చాయి. దూరపు నీరు దొరికిన కొద్దీ దగ్గరి జలాశయాల మీద నగరానికి శ్రద్ధ తగ్గింది. వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996 మార్చిలో 111వ ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. 2022 ఏప్రిల్‌లో 69వ ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించింది. ఈ జలాశయాల నుంచి నగరానికి అందుతున్న నీరు మొత్తం అవసరంలో 1.25 శాతానికి మించడం లేదన్నది అందులో చూపిన ఒక హేతువు. తాగునీటి లెక్కలో అది సబబుగా కనిపించవచ్చు. వరద లెక్కలో ఆ శాతానికి అర్థం లేదు. జలాశయం ఎందుకు పుట్టిందో మరచినప్పుడు దాని అవసరాన్ని కొలిచే కొలమానం కూడా మారిపోతుంది.

రెండవది పరిశ్రమ. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ వచ్చాయి. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు విస్తరించాయి. ఔషధ, రసాయన కర్మాగారాల వ్యర్థజలాలు చెరువుల్లోకి, వాగుల్లోకి, నక్కవాగులోకి చేరాయి. 1990లో సుప్రీంకోర్టులో దాఖలైన రిట్ పిటిషన్ ఈ ప్రాంతపు కాలుష్యాన్ని దేశం దృష్టికి తెచ్చింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం ఏర్పడింది. ఆ కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ వంటి ఔషధాలు అసాధారణ స్థాయిలో ఉన్నాయని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు.

ఆ తర్వాత దొరికిన పరిష్కారం భౌగోళికంగా విచిత్రమైనది. శుద్ధి కేంద్రం నుంచి 18 కిలోమీటర్ల గొట్టం వేసి, ఆ నీటిని నగర మురుగు వ్యవస్థలో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. అంబర్‌పేట మూసీ ఒడ్డున ఉంది. గోదావరి పరీవాహకంలో పుట్టిన వ్యర్థం కృష్ణా పరీవాహకానికి చేరింది. నీరు తనంతట దాటని జలవిభాజక రేఖను గొట్టం దాటించింది. సంగారెడ్డి వైపు నుంచి నగరానికి తాగునీరు వెళ్ళింది. పటాన్‌చెరు వైపు నుంచి నగరపు నదికి వ్యర్థజలం వెళ్ళింది. మూసీ ఒడ్డున రేపు సైకిల్ తొక్కేవాడు చూసే నీటిలో ఈ పారిశ్రామికవాడల వాటా కూడా ఉంటుంది. మూసీ ప్రక్షాళన నగర పరిధిలో ముగిసే పని కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మూడవది నదీగర్భం. నగరంలో నది ఎండాకాలపు సన్నని ధారను బట్టి దాని వెడల్పును అంచనా వేయడం అలవాటైంది. ఒకవైపు పేదల గుడిసెలు, మరొకవైపు ప్రభుత్వ నిర్మాణాలే నది చోటులోకి చొచ్చుకువచ్చాయి. ఇమ్లిబన్‌లోని మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. 1990ల చివర ప్రతిపాదించిన నందనవనం పథకం ఒడ్డును మళ్ళీ ఉద్యానంగా మార్చాలని తలపెట్టింది. పేదల తొలగింపుపై తీవ్ర నిరసన ఎదుర్కొంది.

నది మాత్రం తన కొలత తాను మరువలేదు. 2020 అక్టోబర్ నాటి కుంభవృష్టికి పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతనగరపు కాలనీలు మునిగాయి; 1908లో 221 చెరువులు చెప్పిన పాఠాన్నే ఈ రెండు చెరువులు తిరిగి చెప్పాయి. 2025 సెప్టెంబర్ 26–27 తేదీల్లో జంట జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీరు చేరింది. ప్రయాణికులను బయటికి తరలించవలసి వచ్చింది. 1908 వరద తేదీకి అది ఒక్క రోజు ముందు.

6. నేటి ప్రణాళికలు: సైకిల్ దారి ప్రవేశం

2017లో మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ ఏర్పడింది. జంట జలాశయాల దిగువ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి గౌరెల్లి వరకు సుమారు 55 కిలోమీటర్ల నది దాని పరిధి. అప్పటి నుంచి వెలువడిన ప్రణాళికా ప్రకటనల్లో మురుగు శుద్ధి, వంతెనలు, ఉద్యానాలతో పాటు నడకదారులు, సైకిల్ దారులు కనిపిస్తూ వచ్చాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఈ పథకాన్ని పెద్ద ఎత్తున తిరిగి చేపట్టింది. ఆ ఏడాది శరత్కాలంలో నదీగర్భంలోని ఇళ్ళ మీద ‘ఆర్‌బీ–ఎక్స్’ అన్న ఎర్రని గుర్తులు వెలిశాయి. మూసానగర్, శంకర్‌నగర్ వంటి బస్తీల నుంచి కొన్ని కుటుంబాలను రెండు పడకగదుల ఇళ్ళకు తరలించారు. మిగిలినచోట్ల నిరసనలు, న్యాయపోరాటాలు సాగాయి.

సైకిల్ దారి విషయంలో నగరానికి అప్పటికే ఒక నమూనా ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల పొడవున, సౌరఫలకాల కప్పుతో వేసిన దారి 2023 అక్టోబర్ 1న ప్రారంభమైంది. అందులో ఒక శాఖ నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు, మరొకటి నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు. కొల్లూరు సంగారెడ్డి జిల్లాలోనిదే. అక్కడే 2023 జూన్‌లో 15,660 రెండు పడకగదుల ఇళ్ళతో పేదల కాలనీ ప్రారంభమైంది. అదే రింగ్ రోడ్డు మీద ఉత్తరంగా సాగితే పటాన్‌చెరు పారిశ్రామికవాడ, దానికి చేరువలో ఇంద్రేశం వస్తాయి. విహారానికి వేసిన సైకిల్ దారి కొల్లూరు దగ్గర ఆగిపోయింది. పనికి సైకిల్ తొక్కే మనిషి ప్రాంతం అక్కడి నుంచి మొదలవుతుంది.

2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, గృహపరిశ్రమ కాక ఇతర పనులు చేసేవారు దేశంలో సుమారు 20 కోట్ల మంది. వారిలో 2.6 కోట్లకు పైగా సైకిల్ మీద, దాదాపు 4.5 కోట్ల మంది నడిచి పనికి వెళ్ళేవారు. ఒకప్పుడు పురపాలక సంఘాలు సైకిల్‌కు పన్ను వసూలు చేసి బిళ్ళ ఇచ్చేవి; దీపం లేకుండా తొక్కినా, ఇద్దరు ఎక్కినా జరిమానా ఉండేది. పన్ను కట్టిన ఆ సైకిల్‌కు ప్రత్యేకమైన దారి ఎవరూ వేయలేదు. జాతీయ రహదారి అంచున, లారీల పక్కన, షిఫ్టు మారే వేళ చీకట్లో అది తన దారి తాను వెతుక్కున్నది. సైకిల్ వ్యాయామ సాధనంగా మారిన తర్వాత దారి వచ్చింది. నది గట్టు మీది సైకిల్ దారి ఈ వ్యత్యాసాన్ని పునరావృతం చేస్తుందా, సరిదిద్దుతుందా అన్నది ఆ దారి బస్తీని కర్మాగారంతో, బడితో, బస్సు ఆగే చోటుతో కలుపుతుందా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

7. అన్యదేశాల అనుభవం

నెదర్లాండ్స్‌లో 1993, 1995 సంవత్సరాల్లో నదులు పొంగాయి. 1995లో సుమారు రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించవలసి వచ్చింది. శతాబ్దాలుగా కరకట్టల ఎత్తు పెంచుతూ వచ్చిన ఆ దేశం అప్పుడు దిశ మార్చుకుంది. ‘నదికి చోటు’ అన్న పేరుతో ముప్పైకి పైగా ప్రదేశాల్లో కరకట్టలను వెనక్కి జరపడం, పక్క కాలువలు తవ్వడం చేపట్టింది. నైమేఖన్ నగరం ఎదుట లెంట్ దగ్గర కరకట్టను 350 మీటర్లు వెనక్కి జరిపారు. దానికోసం యాభై వరకు ఇళ్ళు తొలగించారు. కొత్తగా తవ్విన కాలువకు, పాత నదికి మధ్య ఏర్పడిన ద్వీపం ఉద్యానమైంది. వంతెనల మీద, కట్టల మీద సైకిల్ దారులు వచ్చాయి. అక్కడ కూడా ఇళ్ళు పోయాయి. వాటి స్థానంలో నీటికి చోటు వచ్చింది.

2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రతినిధి బృందం దక్షిణ కొరియా రాజధాని సియోల్‌కు వెళ్ళి హాన్ నది తీరాన్ని చూసివచ్చింది. హాన్ తీరంలోని ఉద్యానాలు, సైకిల్ దారులు 1982–86 మధ్య జరిగిన అభివృద్ధి నుంచి రూపుదిద్దుకున్నాయి. వాటిలో గమనించవలసిన విశేషం ఒకటుంది. అవి అధికభాగం కరకట్ట లోపలి వైపు, నది మెట్టు మీద ఉన్నాయి. వానాకాలంలో నది పెరిగితే దారులు మునుగుతాయి, వాటిని మూసివేస్తారు, నీరు తగ్గాక బురద కడిగి తిరిగి తెరుస్తారు. దారి మునగడం అక్కడ వైఫల్యం కిందికి రాదు. రూపకల్పనలోనే ఆ సంగతి ఉంది.

ఈ రెండు అనుభవాలను మూసీకి అన్వయిస్తే గట్టుదారి మూడు స్థానాల్లో పడవచ్చునని తేలుతుంది. మొదటిది, వెనక్కి జరిపిన గట్టు శిఖరం మీద. దీనివల్ల నది వెడల్పు పెరుగుతుంది. రెండవది, గట్టు లోపలి మెట్టు మీద, మునగడానికి సిద్ధంగా. దీనివల్ల వెడల్పు మారదు, కాని చెత్తను పట్టి ప్రవాహాన్ని అడ్డే కటకటాలు, కప్పులు, దుకాణాలు అక్కడ ఉండకూడదు. మూడవది, నదీగర్భంలో మట్టి పోసి, గోడ కట్టి, దాని మీద. దీనివల్ల నది ఇరుకవుతుంది, నీటి మట్టం, వేగం పెరుగుతాయి, భారం దిగువ ఊళ్ళ మీద పడుతుంది. పటంలో మూడింటి గీతా ఒకేలా కనిపిస్తుంది. అడ్డుకోతలో చూస్తే మొదటిది వరద పథకం, రెండవది వరదతో సహజీవనం, మూడవది ఆక్రమణ.

8. ముగింపు

మూసీ గట్టుదారి చరిత్ర నుంచి మూడు నిర్ధారణలకు రావచ్చు.

ఒకటి: 1909 నాటి ఆలోచనలో విహారమార్గం జలాశయాలకు అనుబంధం. ఎగువన నీటికి చోటు కల్పించకుండా దిగువన గట్టును అలంకరించడం విశ్వేశ్వరయ్య సలహాలో సగాన్ని మాత్రమే తీసుకోవడం. నేడు ఎగువన చేయవలసింది కొత్త జలాశయం కాకపోవచ్చు. ఉన్న రెండింటి పరీవాహకాన్ని, వాటికి పైనున్న గొలుసుకట్టు చెరువుల శిఖాలను, అలుగులను, వాటిని కలిపే కాలువలను కాపాడటమే ఆ పని. సైకిల్ దారికి కేటాయించే నిధుల పక్కన ఈ పద్దు ఎంత ఉన్నదో చూస్తే పథకం స్వభావం తెలుస్తుంది.

రెండు: వరద కారణంగా ఒక కుటుంబాన్ని నది ఒడ్డు నుంచి తరలించినప్పుడు ఆ స్థలం నీటికే చెందాలి. ప్రాణరక్షణ పేరిట ఖాళీ చేయించిన నేలలో వాణిజ్య భవనం లేస్తే తరలింపుకు చెప్పిన కారణం చెల్లదు. మునగడానికి సిద్ధపడిన నడకదారి, సైకిల్ దారి అక్కడ ఉండవచ్చు; వాటి పరిమితి అంతే. 1912 నాటి మండలి కాలం నుంచి పెండింగులో ఉన్న న్యాయపరమైన ప్రశ్న ఇది.

మూడు: నది సరిహద్దును నగరపాలక పరిధి నిర్ణయించదు. మంజీరా నీరు, పటాన్‌చెరు గొట్టం కలిసి రెండు పరీవాహకాలను ఒకే వ్యవస్థగా మార్చాయి. అందుచేత మూసీ పథకంలో ఇంద్రేశం వంటి ఊళ్ళకు రెండు విధాల వాటా రావాలి. అక్కడి వాగులు, చెరువులు శుద్ధి కావాలి. అక్కడి శ్రామికుడు తొక్కే సైకిల్‌కు కూడా దారి దొరకాలి. నక్కవాగు గట్టు మీదనో, ఊరి చెరువు కట్ట మీదనో కర్మాగారం వైపు సాగే ఒక భద్రమైన బాట మూసీ మీది విహారమార్గం కన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి పనికివస్తుంది. కట్టను బాగుచేసి, అలుగును సరిచేసి, ఆపైన దారి వేయడం ఈ నేలకు కొత్త విద్య కాదు. ప్రతి చెరువు కట్ట మీద ఈ ఊళ్ళు తరతరాలుగా చేసిన పని అదే.